మూడు వేళ్ల చిటికెడు ఉప్పు

బంగ్లాదేశ్ ఈశాన్య మూలన, సునామ్‌గంజ్ ప్రాంతంలో హావర్లనే పళ్లెం లాంటి పల్లపు నేలలున్నాయి. ఏడాదిలో దాదాపు ఆరు నెలలు అవి నీళ్ల కిందే ఉంటాయి. మట్టి పోసి ఎత్తు చేసిన దిబ్బల మీద ఊళ్లు లంకల్లా మిగులుతాయి. వైద్యుడి దగ్గరికి వెళ్లాలంటే పడవ కట్టాలి. పసిబిడ్డకు విరేచనాలు పట్టుకుంటే, ఆ పడవ వచ్చేలోపే ఒంట్లో నీరంతా పోతుంది. 1972లో ఫజ్లే హసన్ అబేద్ బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థను మొదలుపెట్టింది ఈ పల్లంలోని శల్లాలోనే. ఉప్పూ బెల్లం కలిపిన నీళ్లు ఇంట్లోనే చేసుకోవడం తల్లులకు నేర్పే ఆ సంస్థ ప్రయత్నానికి 1979లో తొలి అడుగు పడిందీ అక్కడే. ఈ కథను ఒక మందు కథగా చెప్పడం అలవాటైపోయింది. నా దృష్టిలో ఇది, వరద నేలలో ప్రాణం నిలిపే నిర్ణయం ఆడవాళ్ల చేతికి వచ్చిన చరిత్ర.

మందు పుట్టింది ప్రయోగశాలలో కదా, ఆడవాళ్లు దాన్ని మోసుకెళ్లారంతే అనేవాళ్లున్నారు. 1968లో ఢాకా కలరా పరిశోధనశాలకు చెందిన డేవిడ్ నలిన్, రిచర్డ్ క్యాష్ నోటి ద్వారా ఇచ్చే ద్రావణం పనిచేస్తుందని చూపిన మాట నిజం. 1971లో భారత్‌లోని బంగావ్ శరణార్థి శిబిరంలో వైద్యుడు దిలీప్ మహలనబిస్ అదే ద్రావణంతో, నూటికి ముప్ఫై దాకా ఉన్న చావులను నాలుగు లోపుకి దించిన మాటా నిజమే. కానీ అక్కడ కొలిచి కలిపినవాళ్లు వైద్య సిబ్బంది. హావర్ ఊరికి సిబ్బందీ రాలేరు, పొట్లాలూ చేరవు. ఇంట్లో ఉండేవి ఉప్పూ బెల్లమే. పైగా ఉప్పు ఎక్కువైతే బిడ్డకే ప్రమాదం. చదువురాని తల్లికి ఆ కొలత అప్పగించవచ్చా అన్న భయం తేలిగ్గా తీసేయదగ్గది కాదు. దానికి జవాబు వాకిట్లో దొరికింది. కొద్దిగా చదువుకున్న పల్లెటూరి స్త్రీలు జట్లుగా నడిచి వచ్చి, ఆ ఇంటి గిన్నెలోనే అరసేరు నీళ్లు పోసి, నీటి మట్టం దగ్గర గీత గీసేవాళ్లు. మూడు వేళ్లకు వచ్చినంత ఉప్పు, గుప్పెడు బెల్లం. వాళ్లు చేసి చూపడంతో సరిపెట్టలేదు, తల్లి చేతే చేయించారు. కొన్ని వారాల తర్వాత వేరొకరు వచ్చి ఆ తల్లిని ప్రశ్నించేవారు. ఆమెకు ఎంత గుర్తుంటే నేర్పినామెకు అంత కూలి. తల్లులు కలిపిన నీళ్లను ప్రయోగశాలలోనూ పరీక్షించారు.

అయినా మొదట్లో దెబ్బ తగిలింది. తల్లులు పాఠం తప్పులేకుండా అప్పజెప్పారు, బిడ్డకు జబ్బు చేస్తే మాత్రం ఆ నీళ్లు పట్టినవాళ్లు తక్కువే. ఆరా తీస్తే, నేర్పేవాళ్లలోనే చాలామందికి దాని మీద నమ్మకం లేదని బయటపడింది. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా విలువైన ఘట్టం ఇదే. అప్పుడు వాళ్లను ఢాకా తీసుకెళ్లి, ఆ నీళ్లు తాగి కోలుకుంటున్న రోగులను కళ్లారా చూపించారు. మగవాళ్లకు బజారుల్లో, మసీదుల్లో వేరుగా చెప్పారు, ఎందుకంటే ఇంటి పెద్ద కాదంటే కోడలు గిన్నె ముట్టదు. 1990 నాటికి ఈ పాఠం కోటీ ఇరవై లక్షల పైచిలుకు ఇళ్లకు చేరింది. ఆ తర్వాత పసిబిడ్డల చావులు తగ్గడానికి టీకాలు, మంచినీళ్లు కూడా కారణం కాదా? కారణమే. కానీ 1988లో దేశంలో సగానికి పైగా మునిగి, విరేచనాలే జనాన్ని ఎక్కువగా పొట్టన పెట్టుకున్నప్పుడు, చేతిపంపు కూడా నీళ్ల కిందే ఉంది. చేతివేళ్ల కొలత ఒక్కటే మునగలేదు.

దీన్ని ఆడవాళ్ల నాయకత్వం అనడానికి ఒప్పుకోనివాళ్ల అభ్యంతరాల్లో గట్టిది ఇంకొకటుంది: ఆ అధికారం గడప దాటలేదని. 1991 ఏప్రిల్ 29 తుపాను ఆ మాటకు సాక్ష్యం. అప్పటి దాదాపు లక్షా ముప్ఫై ఎనిమిది వేల మృతుల్లో ఆడవాళ్లూ పిల్లలే ఎక్కువ. హెచ్చరిక బజారులో మగవాళ్ల చెవిన పడింది. ఆడవాళ్లు భర్త వచ్చి చెబితే గానీ ఇల్లు కదలలేక, పరాయి మగవాళ్ల మధ్య షెల్టరులో ఉండలేక ఆగిపోయారు. అభ్యంతరం సరైనదే. అయితే అది నా వాదనను కొట్టేయడం లేదు, ఆ అధికారం ఎక్కడ ఆగిపోయిందో చూపిస్తోంది. బిడ్డ జబ్బు విషయంలో కబురు తెచ్చింది ఆడది, విన్నది ఆడది, చేసింది ఆడది. తుపాను విషయంలో మొదటి మెట్టు దగ్గరే ఆమె లేదు. ఆ తర్వాత తీరంలోని తుపాను సన్నద్ధత కార్యక్రమం ఆడవాళ్లను వాలంటీర్లుగా చేర్చుకుంటూ వచ్చింది. 2020 నాటికి సుమారు 76 వేల మంది వాలంటీర్లలో సగం వాళ్లే. ఇప్పుడు మెగాఫోన్ పట్టుకుని వాకిళ్లలోకి వచ్చి, కోడలితో నేరుగా మాట్లాడేది ఆ ఊరి ఆడమనిషే.