వేచియుండుట నేర్చిన యంత్రములు

రేడియోలో ఒకరు మాటలాడుదురు, వేలమంది విందురు. మాటలాడువారు ఒక్కరే గనుక, వినువారెందరు పెరిగినను ప్రసారమునకు చిక్కులేదు. ఇందుకు విరుద్ధముగా వేలమంది మాటలాడువారును, వినువాడొక్కడును అయినచో ఏమగును? ఈ ప్రశ్నకు పసిఫిక్ మహాసముద్రమునందలి హవాయి దీవులలో ఒక విశ్వవిద్యాలయము వెదకిన సమాధానమును, నేడు కంప్యూటర్ నెట్‌వర్కుల శాస్త్రము చదువు విద్యార్థులు ముఖ్యపాఠముగా అభ్యసించుచున్నారు.

1968లో హవాయి విశ్వవిద్యాలయమున నార్మన్ ఏబ్రమ్‌సన్, ఆయన సహచరులు ఈ పరిశోధనకు పూనుకొనిరి. పెద్ద కంప్యూటర్ ఓహూ దీవిలో నుండెను. దానితో పని గల కళాశాలలు ఇతర దీవులలోను ఉండెను. టెలిఫోను తీగలకు ఖర్చు హెచ్చు, నమ్మకము తక్కువ. కావున వారు రేడియో తరంగముల నాశ్రయించిరి. 1971 జూన్ నెలలో పనిచేయ నారంభించిన ఆ ఏర్పాటునకు, ఆ దీవులవారు ఒకరినొకరు పలుకరించుకొను 'అలోహా' అను మాటయే పేరాయెను.

దాని పద్ధతి మిక్కిలి సులభము. సందేశమును 80 అక్షరములకు మించని చిన్న పొట్లములుగా కట్టి పంపవలెను. కేంద్రమునకు పంపుటకు అందరికిని ఒక్కటే మార్గము. ఎవరికిని వంతులు లేవు. పొట్లము చక్కగా చేరినచో కేంద్రము 'అందినది' అని బదులు పలుకును. రెండు పొట్లములు ఒకేసారి బయలుదేరినచో ఒకదానితో నొకటి కలిసి రెండును చెడును, బదులు రాదు. అప్పుడు కొంత తడవు ఆగి మరల పంపవలెను. కాని ఇద్దరును సమానముగా ఆగినచో మరల తాకిడి తప్పదు గదా! అందుచేత ఎంతసేపు ఆగవలెనో ప్రతి యంత్రమును చీటీ తీసినట్లు తనకు తానే నిర్ణయించుకొనును. పెత్తనము చేయువాడు లేకయే పంపకము సాగినది.

అయితే పదిమందికి చాలిన ఏర్పాటు పదివేలమందికి చాలునా? లెక్కగట్టి చూడగా, ఈ పద్ధతిలో మార్గముయొక్క శక్తిలో నూటికి 18 పాళ్లకు మించి ఫలింపదని తేలెను. ఆపై ప్రయత్నములు పెరిగినకొలది ఫలితము తగ్గును. 1972లో లారెన్స్ రాబర్ట్స్ కాలమును సమానమైన గడులుగా విభజించి, గడి మొదటనే పలుకవలెనను నియమము చెప్పగా అది దాదాపు 37 పాళ్లయినది. హార్వర్డ్ విద్యార్థియైన రాబర్ట్ మెట్‌కాఫ్, తన సిద్ధాంతగ్రంథము తొలుత తిరస్కరింపబడగా, అలోహా విచారమును దానికి చేర్చి 1973లో పట్టమందెను. ఆ సంవత్సరముననే ఆయన రూపకల్పన చేసిన ఈథర్‌నెట్‌లో యంత్రము పలుకుటకు ముందు చెవియొగ్గి వినును. తాకిడులు పెరిగినకొలది మరింతసేపు ఆగును.

ఈ నీతిని మరచినచో కలుగు కీడు 1986 అక్టోబరులో కాలిఫోర్నియాలో కానవచ్చెను. బర్కిలీలోని విశ్వవిద్యాలయమునకును, లారెన్స్ ప్రయోగశాలకును నడుమ దూరము 400 గజములు మాత్రమే. ఆ మార్గమున సెకనుకు 32,000 బిట్లుగా నుండిన వేగము 40 బిట్లకు పడిపోయెను. తీగలు తెగలేదు. బదులు ఆలస్యమగుట చూచి, పోయినదనుకొని ప్రతి యంత్రమును పంపినదే మరల పంపుచుండెను. ఆ తొందరయే దారిని మూసివేసెను. వాన్ జేకబ్‌సన్, మైఖేల్ కేరెల్స్ దీనికి మందు కనుగొనిరి. 1988లో అది ప్రకటితమాయెను. కొద్దిగా మొదలిడవలెను, బదులు వచ్చినకొలది పెంచవలెను, పొట్లము పోయినచో వెంటనే తగ్గింపవలెను. ఇంతకు మించిన రహస్యము లేదు.

నేడు మన ఇండ్లలోని వైఫై పరికరములును ముందు విని, ఖాళీ దొరికినప్పుడే పలుకుచున్నవి. ఆలస్యము అమృతము విషమనియు, నిదానమే ప్రధానమనియు మన పెద్దలు రెండు మాటలు చెప్పిరి. ఏది ఎప్పుడు, ఎంతవరకు తగునో లెక్కగట్టుటయే ఈ శాస్త్రము. బలవంతునికి దారియిచ్చుటచేత గాక, ప్రతివాడును కొంత ఆగుటచేతనే కోట్ల యంత్రముల మాట నేడు ఒకే దారిలో సాగుచున్నది.