పాకమునకు రాని బొగ్గు

పీణ్య యంత్రశాలలలో చెక్కబడు ఇనుములో అధికభాగము ఎక్కడనో ఒక ఊదుకొలిమిలో కరగి వచ్చినదే. ఆ కొలిమికి కోక్ కావలెను. బొగ్గంతయు కోక్ కానేరదు. తెలుగువారి ఇనుము చరిత్రలో ఈ చిన్న భేదము చేసిన పని పెద్దది.

1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు సమీపమున బొగ్గును గుర్తించెను. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. సింగరేణి బొగ్గు రైలింజనులకును, విద్యుత్కేంద్రములకును చక్కగా అక్కరకు వచ్చినది. ఉక్కునకు మాత్రము కొరగాలేదు.

కారణమిది. బిటుమినస్ జాతి బొగ్గులలో కొన్నిటిని గాలి తగులనీయక కాచినచో, 350–400 డిగ్రీల సెంటిగ్రేడు నడుమ మెత్తబడి, బెల్లపు పాకమువలె సాగి, 450 డిగ్రీల సమీపమున మిక్కిలి పలుచనై, 500 చేరునప్పటికి గట్టిపడి, బెజ్జములు గల కోక్‌గా మారును. గోదావరి లోయ బొగ్గు సాధారణముగా ఈ పాకమునకు రాదు.

మైసూరు సంస్థానమున సమస్య మరియు కఠినము. అచట బొగ్గే లేదు, ఝరియా బహుదూరము. తెలుగు మాతృభాషగా గల మోక్షగుండం విశ్వేశ్వరయ్య దివానుగా ఉన్న కాలమున తలపెట్టబడిన భద్రావతి కర్మాగారము అందుచేత 1923లో కర్రబొగ్గుతో ఇనుము తీయనారంభించెను. కెమ్మణ్ణుగుండి ఖనిజము కరగుటకు మలెనాడు అడవులు కాలినవి. అది గొప్ప సాహసమే. అడవి చెల్లించిన మూల్యమును కూడ లెక్కింపవలెను.

1966లో ఆంధ్రులు ప్రాణములొడ్డి కోరిన విశాఖ ఉక్కునకు 1971లో శంకుస్థాపన జరిగెను. సింగరేణి గనులు స్వదేశముననే యున్నను, కోక్ బొగ్గు మాత్రము విశేషముగా ఆస్ట్రేలియానుండి ఓడలలో వచ్చుచున్నది.

ఏ బొగ్గు ఎంత సాగునో ముందుగా చెప్పుటకు గీజెలర్ పరికరము కలదు. అయిదు గ్రాముల బొగ్గుపొడిలో చిన్న కవ్వమును నిలిపి, నిమిషమునకు మూడు డిగ్రీల చొప్పున కాచుచు, అది తిరుగు వేగమును కొలుతురు. పలు బొగ్గులు కలిపినపుడు వాని సంఖ్యల లాగరిథములను పాళ్లను బట్టి సగటు కట్టుట వాడుక. ఒకటి గట్టిపడిన పిదప గాని రెండవది మెత్తబడనిచో ఈ గణితము తప్పును. గాలి సోకి నిలువయున్న కొలది బొగ్గుకు సాగుగుణము తగ్గును. కావున గనివద్ద కొలిచిన సంఖ్యను నమ్మి ఊరకుండరాదు, రేవున దిగిన పిదప మరల కొలువవలెను.