ట్రంకు పెట్టె అడుగున వాల్‌పోస్టర్

మా అత్తగారి ట్రంకు పెట్టెలో పట్టుచీరల కింద ఒక మందపాటి కాగితం పరిచి ఉండేది. పెళ్లైన కొత్తలో చూశాను గానీ పట్టించుకోలేదు. కిందటి సంక్రాంతికి ఇల్లు దులుపుతూ బయటికి తీస్తే, అది సినిమా వాల్‌పోస్టర్! చీరలకు రంగు అంటకుండా బొమ్మ వైపు కిందికి పెట్టి పరిచారు. వెలుతురు తగలక రంగులు అలాగే నిలిచాయి. నాలుగు మూలలా మేకుల చిల్లులు మాత్రం ఉన్నాయి.

ఆ చిల్లులకు ఒక కథ ఉంది. మామగారికి చిక్కడపల్లిలో చిన్న కిరాణా కొట్టు ఉండేది. కొట్టు ముందున్న చెక్క బోర్డు మీద హాలు కుర్రాడు వారం వారం పోస్టరు పెట్టి వెళ్లేవాడు. చోటు ఇచ్చినందుకు ఒక పాసు ఇచ్చేవాడు. జిగురు పూస్తే బోర్డు పాడవుతుందని మామగారు మేకులే కొట్టమనేవారు. ఆయన సినిమాలకు వెళ్లరు కాబట్టి పాసు అత్తగారిది. వారం తిరిగాక పోస్టరు కూడా ఆవిడదే. అలమరా అరల్లో పరచడానికి, పిల్లల పుస్తకాలకు అట్టలు వేయడానికి, పచ్చడి జాడీల కింద వేయడానికి వాడేవారు.

ఈ పేటలకు అప్పట్లో పోస్టర్ల కరువేమీ లేదు. అశోక్‌నగర్ నుంచి నడుచుకుంటూ వెళ్తే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సంధ్య, దేవి, సుదర్శన్, ఓడియన్, ఇంకా సప్తగిరి, శ్రీ మయూరి. అటు నారాయణగూడలో దీపక్, శాంతి. పేపర్లో ప్రకటన చూడకపోయినా, కూరలకు వెళ్లి వచ్చేలోపు ఏ హాల్లో ఏ సినిమా ఆడుతోందో గోడలే చెప్పేవి.

ఆ గోడల మీది బొమ్మ చాలా దూరం నుంచి వచ్చేది. తెలుగు సినిమా మద్రాసులో ఉన్న రోజుల్లో పోస్టర్లూ అక్కడే పుట్టేవి. ఆర్టిస్టు ముందు రంగులతో చేత్తో బొమ్మ వేసేవాడు. లితో పద్ధతిలో ఒక్కో రంగుకూ ఒక్కో అచ్చు తయారుచేసి, ఒకే కాగితాన్ని మళ్లీ మళ్లీ ప్రెస్సులోంచి తీసేవారు. మద్రాసులోనూ శివకాశిలోనూ అచ్చైన కట్టలు పార్సిళ్లలో డిస్ట్రిబ్యూటర్లకు చేరేవి. మామూలు పోస్టరు 30 అంగుళాల వెడల్పు, 40 అంగుళాల పొడవు. పెద్ద గోడలకు ఆరు కాగితాలు కలిపి అంటించే సిక్స్ షీట్ ఉండేది.

మనం తల ఎత్తి చూసిన ఆ బొమ్మల్లో చాలావాటి వెనక ఉన్న మనిషి ఈశ్వర్. పాలకొల్లులో పుట్టారు. బాపు తీసిన ‘సాక్షి’తో 1967లో మొదలుపెట్టి, రెండువేల అయిదువందలకు పైగా సినిమాలకు పబ్లిసిటీ డిజైన్లు చేశారు. ‘సినిమా పోస్టర్’ అని పుస్తకమూ రాశారు. 2021లో కన్నుమూశారు. హీరో పేరు పోస్టరు మీద గజం పొడుగున ఉంటుంది. బొమ్మ వేసినవారి పేరు వెతుక్కుంటే గానీ కనపడదు.

ఇన్ని అచ్చు వేసినా ఇవాళ పాత పోస్టరు దొరకడం ఎందుకంత కష్టం? అది వారం రోజుల సరుకు గనక. రాత్రిపూట మైదా జిగురు పూసి అంటించేవారు. తెల్లారాక ఆవులొచ్చి జిగురు కోసం కాగితమూ లాగి తినేవి. మిగిలినదాని మీద తరవాతి శుక్రవారం ఇంకో సినిమా ఎక్కేది. గోడకెక్కినవి అలా పోయాయి. ఎక్కనివి కొన్ని ఇలా పెట్టెల అడుగునా అలమరాల్లోనూ బతికాయి.

అందుకే వాటికి ధర వచ్చింది. 1927 నాటి జర్మన్ సినిమా ‘మెట్రోపోలిస్’ పోస్టరు ఒకటి 2005లో 6 లక్షల 90 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. ఇప్పుడు విదేశాల్లో దాచుకోవడం కోసమే పోస్టర్లు వేస్తున్నారు. రెండు వందల కాపీలు తీసి, ఇది ఎన్నోదో ఒక్కోదాని మీద అంకె రాసి ఇస్తారు. మనవాళ్లు అలా లెక్కపెట్టి వేయలేదు. వేలల్లో వేస్తే, కాలమే వాటిని లిమిటెడ్ ఎడిషన్ చేసింది.

మా అబ్బాయి పోస్టరు ఫొటో ఎవరికో పంపితే, పాత పోస్టర్లు సేకరించే ఒకతను ఇంటికొచ్చాడు. భూతద్దం పెట్టి చూశాడు. లితో అయితే రంగు గీతలుగా, గరుకుగా ఉంటుందట. వరసగా చుక్కలు కనిపిస్తే ఆఫ్‌సెట్. ఈమధ్య కంప్యూటర్లో తీసిన నకలైతే సన్నటి తుంపరలా ఉంటుంది. అడుగున ప్రెస్సు పేరు, కాగితం మడతలు, వెనకవైపు పసుపుదనం కూడా చూడాలన్నాడు. మాది అసలైనదేనని తేల్చాడు. “ఒక్కటే లోపం మేడమ్. కింద ఈ చీటీ అంటించారు. తడిపి జాగ్రత్తగా తీసేస్తే ఇంకా మంచి రేటు వస్తుంది” అన్నాడు.

పోస్టరు కింద ఖాళీ జాగాలో హాలు పేరుతో అంటించే సన్నటి చీటీ అది. ‘ఓడియన్, ఉదయం ఆట’ అని ఉంది. మావారు తీసేద్దామనే అన్నారు. ఇంటికి రంగులు వేయించాల్సి ఉంది, డబ్బు నాకూ చేదు కాదు.

లోపలికెళ్లి అత్తగారిని అడిగాను. “ఈ సినిమా చూశారా అత్తయ్యా?” ఆవిడ చాలాసేపు చూసి, “కథ గుర్తులేదే. కానీ ఓడియన్‌కి వెళ్లడం గుర్తుంది. పక్కింటి పిన్నిగారూ నేనూ. బయటికొచ్చేసరికి వాన. మీ మామగారు కొట్టు మూసి గొడుగు పట్టుకుని వచ్చారు. ఆయన హాలు దాకా వచ్చింది ఆ ఒక్కసారే” అన్నారు.

ఆ ఓడియన్ ఇప్పుడు లేదు, పడగొట్టేశారు. సుదర్శన్ 70 ఎంఎం కూడా పోయింది. మామగారూ లేరు, కొట్టూ లేదు. సినిమా పోస్టరు ఇంకో కాపీ ఎక్కడైనా దొరకవచ్చు. అది ఫలానా హాల్లో ఉదయం ఆట ఆడిందని చెప్పేది మాత్రం ఆ చీటీ ఒక్కటే. కొనేవాడికి లోపమైనది మాకు అసలు సరుకైంది.

అమ్మలేదు. లామినేషన్ చేయిస్తే మళ్లీ ఊడదని, సెల్లో టేపు వేస్తే మరక పడుతుందని ఆ వచ్చినతనే చెప్పాడు. కోపం తెచ్చుకోకుండా అంతా చెప్పి వెళ్లాడు, మంచివాడు. వెనక అట్ట పెట్టి, ఎండ పడని నడవలో ఫ్రేము కట్టించి పెట్టాం. చీటీ కనపడేలాగే.

ఇంటికి రంగులు వచ్చే ఏడాది వేయించుకుంటాం. మీ ఇంట్లో అరల్లో పరిచిన పాత కాగితాలుంటే, పేపరువాడికి వేసేముందు ఒకసారి తిరగేసి చూడండి.