గేరుబాక్సు ముందుగా చెప్పు మాట

కామారెడ్డి వఱకు రైలున్నది. ఎల్లారెడ్డికి రోడ్డే దిక్కు. నైజాం రాష్ట్ర రైల్వే 1932 జూన్‌లో 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించిననాడు గేరు మార్చునది డ్రైవరు చేయియే. పండ్లు ఒరసికొన్నచో ఆ అదురు ముందుగా చేతికే తెలిసెడిది.

ఆ చేతిపనిని ఆయిలు ఒత్తిడికి అప్పగించిన హైడ్రామాటిక్ యంత్రమును జనరల్ మోటార్సువారు 1939లో ప్రకటించిరి. 1953లో తయారైన 300 కార్వెట్ స్పోర్ట్సుకార్లన్నిటికిని రెండు గేర్ల పవర్‌గ్లైడే అమర్చిరి. వేగపుబండికి ఈ సుఖమేల యని కొందఱు నొసలు చిట్లించిరి. మాకు తోచిన చిక్కు వేఱు: చేతికందని జబ్బును కనుగొనుటెట్లు?

మొదట ఆయిలే చెప్పును. సామాన్యముగా ఎఱ్ఱనిది గోధుమవన్నెకు తిరిగి మాడువాసన కొట్టినచో లోపలి క్లచ్చి పలకలు కాలుచున్నవన్నమాట. గేరు వేసిన పిదప బండి క్షణకాలము తటపటాయించును. ఇంజను రొద హెచ్చినను వేగము హెచ్చదు, క్లచ్చి జాఱుచున్నది. జాఱినకొలది వేడి, వేడిమికొలది ఆయిలు చెడును. ఆయిలు కారి తగ్గుటయే కారణమైనచో, వెంటనే కారుచోటు మూసి నింపిన బహుశః సరిపోవును. ఉపేక్షించినచో బాక్సునంతయు విప్పవలెను. ఎల్లారెడ్డి దారిలో, చీకటివేళ, ఆ పని చేయువారెవరు?