ట్రాక్టర్ నడిపేటప్పుడు మనసు చెప్పే మాటలు - రైతులు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

కోతల సమయంలో పొలానికీ మార్కెట్ యార్డుకూ మధ్య ట్రాక్టర్లు రేయింబవళ్లు తిరుగుతాయి. ప్రమాదం జరిగితే బ్రేకులనో, రోడ్డు గుంతలనో తప్పు పడతాం. స్టీరింగ్ పట్టుకున్నప్పుడు మనకు మనం చెప్పుకునే మాటలు కూడా ప్రమాదానికి దారి తీస్తాయి. వాటిని గుర్తుపడితే జాగ్రత్త పడవచ్చు.

1. "రోజూ తిరిగే దారే కదా"
అలవాటైన దారిలో చేతులు వాటంతట అవే పనిచేస్తాయి, చూపు సడలుతుంది. పొలం బాట నుంచి తారు రోడ్డు ఎక్కే ముందు ప్రతిసారీ బండిని పూర్తిగా ఆపి రెండు వైపులా చూడాలి. పొలంలో మలుపుల కోసం విడదీసిన బ్రేకు పెడళ్లను రోడ్డెక్కే ముందే కలిపి లాక్ చేయాలి. వేగంలో ఒకవైపు బ్రేకు మాత్రమే పడితే ట్రాక్టర్ ఆ పక్కకు లాగి బోల్తా పడవచ్చు.

2. "ఇన్నేళ్లలో ఏమీ కాలేదు"
మడ్‌గార్డు మీద మనిషిని ఎక్కించుకుని పదిసార్లు క్షేమంగా వస్తే, అది ప్రమాదం కాదని మనసు నమ్ముతుంది. పదకొండోసారి ఒక్క కుదుపు చాలు, పడిన మనిషి చక్రం కిందికి వెళ్తాడు. మొహమాటం వద్దు. "ట్రాక్టర్‌కు సీటు ఒక్కటే" అని ఎక్కబోయే ముందే చెప్పండి. కూలీలను ట్రక్కులో లోడు మీద కూర్చోబెట్టవద్దు.

3. "చీకటి పడేలోపు చేరాలి"
యార్డు 5 కిలోమీటర్ల దూరంలో ఉందనుకోండి. గంటకు 20 కి.మీ. వేగంతో 15 నిమిషాలు, 30 కి.మీ. వేగంతో 10 నిమిషాలు పడుతుంది. మిగిలేది 5 నిమిషాలే. బ్రేకు వేశాక బండి ఆగడానికి పట్టే దూరం మాత్రం రెట్టింపు దాటుతుంది. లోడుతో ఉన్న ట్రక్కు వెనుక నుంచి నెడుతుంది కాబట్టి పల్లంలో న్యూట్రల్ చేయకుండా తక్కువ గేరులోనే దిగాలి.

4. "వాళ్లే చూసుకుంటారులే"
ఆగిన ట్రక్కు అక్కడ ఉందని మీకు తెలుసు. వెనుక 60 కి.మీ. వేగంతో వచ్చే మోటార్ సైకిల్ అతనికి తెలియదు. అతను సెకనుకు 16 మీటర్లకు పైగా ముందుకొస్తాడు. ట్రక్కు వెనుక ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కర్లు, పనిచేసే లైటు తప్పనిసరి. చెడిపోయిన బండిని రోడ్డు దింపి ఆపాలి. అడ్డుపెట్టిన రాళ్లను వెళ్లేటప్పుడు తీసేయాలి.

5. "కొంచెం తాగితే ఏం కాదు"
మద్యం ముందుగా దెబ్బతీసేది మన అంచనానే. అందుకే తాగినవారికి తాము బాగానే నడుపుతున్నట్లు అనిపిస్తుంది. 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. మద్యం దాటితే నేరం. రాత్రి నీళ్లు కట్టి నిద్ర లేకపోయినా చురుకుదనం తగ్గుతుంది. ఆవలింతలు వస్తుంటే బండి పక్కకు ఆపి 20 నిమిషాలు పడుకోండి.

6. "మా వాడు బాగా నడుపుతాడు"
పిల్లలకు స్టీరింగ్ త్వరగా వస్తుంది, ప్రమాదాన్ని ముందే పసిగట్టే అనుభవం రాదు. 2019 చట్ట సవరణ ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు లేదా యజమానికి 3 ఏళ్ల వరకు జైలు, రూ. 25,000 జరిమానా పడవచ్చు.

తాళం తిప్పే ముందు మూడు ప్రశ్నలు: బ్రేకులు కలిపానా? వెనుక లైటు వెలుగుతోందా? నాకు నిద్ర, కోపం, తొందర ఉన్నాయా? మూడో ప్రశ్నకు "ఉన్నాయి" అని జవాబు వస్తే కాసేపు ఆగండి. ప్రమాదం జరిగితే వెంటనే 108కి ఫోన్ చేయండి.