నిప్పురవ్వ ముహూర్తం

మా నాన్నగారి దగ్గర ఓ పాత కారుంది. ఏ కంపెనీదో చెప్పను. దాని మీద చాడీలు చెప్పబోతున్నాను గనక పేరు దాచడమే మర్యాద. మొన్న సంక్రాంతికి పుట్టింటికి వెళ్ళేసరికి అది వాకిట్లో నిలబడి గజగజా వణుకుతోంది. రోడ్డెక్కితే బాగానే పోతుందట. గేటు దగ్గర ఆగిందా, దగ్గు, వణుకు! మెకానిక్కులైతే "మిస్సింగ్ కొడుతోంది" అంటారు. నాన్నగారు బానెట్టెత్తి నాలుగోసారి టైమింగ్ పెడుతున్నారు.

"అన్నీ సరిగానే ఉన్నాయమ్మడూ. మరెందుకిలా?" అన్నారు. ఎనభై దాటిన మనిషి. మెకానిక్కులేమో అమ్మేయమంటున్నారట.

నేను చదివింది బి.ఏ. హిస్టరీ. కారుకి సంబంధించి నాకు తెలిసిన విద్యల్లా వెనక సీట్లో కూర్చోవడమే. రెండు రోజులు ఆయన పక్కన టార్చిలైటు పట్టుకుని నిలబడ్డాక తెలిసింది, ఈ టైమింగ్‌కీ ఓ చరిత్ర ఉందని.

పోపు పెట్టేటప్పుడు మినప్పప్పు పూర్తిగా ఎర్రబడేదాకా ఆగితే ఏమవుతుంది? దింపేలోగా మాడిపోతుంది. ఎర్రబడబోతుండగానే దించాలి. ఇంజన్లోనూ ఇంతే. పెట్రోలూ గాలీ కలిసిన ఆవిరి అంటుకోవడానికి కొంచెం వ్యవధి కావాలి. అందుకని పిస్టన్ పైకొస కి చేరకముందే, కాస్త ముందుగా నిప్పురవ్వ పుట్టాలి. మరీ ముందైతే పిస్టన్‌ని వెనక్కి తంతుంది, ఆలస్యమైతే బండికి సత్తువుండదు, ఇంజన్ వేడెక్కుతుంది. పోనీ ఓ ముహూర్తం పెట్టి వదిలేద్దామా అంటే, ఇంజన్ ఎంత జోరుగా తిరిగితే రవ్వ అంత ముందు పుట్టాలి. ఊరికే నిలబడ్డప్పుడే, నిమిషానికి 800 చుట్లు తిరిగే నాలుగు సిలిండర్ల ఇంజన్లో నిమిషానికి 1600 రవ్వలు! ఏ పురోహితుడు పెట్టగలడండీ అన్ని ముహూర్తాలు?

మొదట్లో కొందరు ఆ బాధే పడలేదు. జర్మనీలో డైమ్లర్ తన ఇంజన్‌కి ఓ గొట్టం అమర్చి, దాన్ని బయటి మంటతో ఎర్రగా కాల్చేవాడు. ఎప్పుడు అంటుకుంటే అప్పుడే. కార్ల్ బెంజ్ మాత్రం కరెంటు రవ్వనే నమ్ముకున్నాడు. 1886లో పేటెంటు దొరికింది గానీ బండి కొనేవాళ్ళేరీ? 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా, ఆయనకి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి బయల్దేరింది. దాదాపు 100 కిలోమీటర్ల పైమాట. దారిలో ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసుకుంది. రవ్వకి కరెంటు తెచ్చే తీగ ఒరుసుకుపోతే తన మేజోడు పట్టీ తీసి దానికి చుట్టిందట. పుట్టింటికి వెళ్ళడానికి ఆడది ఎంతకైనా తెగిస్తుందని నేనంటే మావారు నవ్వుతారు.

తరవాత ముహూర్తం పెట్టే పని డ్రైవరు చేతికొచ్చింది. 1908 నుంచి 1927 దాకా ఒకటిన్నర కోట్ల ఫోర్డ్ మోడల్-టి కార్లు తయారయ్యాయి. వాటి స్టీరింగుకి ఎడమవైపున్న మీట రవ్వని ముందుకీ వెనక్కీ జరిపేది. హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసేముందు ఆ మీటని వెనక్కి జరపడం మరిచిపోయారా, ఇంజన్ ఎదురుతన్ని హ్యాండిల్ గిర్రున వెనక్కి తిరిగేది. మణికట్లు విరిగేవి. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ చేసిన కరెంటు స్టార్టర్ 1912 కాడిలాక్ కారుతో వచ్చింది. హ్యాండిల్‌తో కుస్తీ తప్పేసరికి ఆడవాళ్ళకి కారు చేరువైంది. బ్యాటరీ, కాయిల్, పాయింట్లతో రవ్వ పుట్టించే పద్ధతి కూడా ఆయన పేరు మీదే ఉంది. మన అంబాసిడర్లూ ఫియట్లూ దాని మీదే నడిచాయి. మీట పోయింది. డిస్ట్రిబ్యూటర్లో రెండు చిన్న బరువులు జోరుని బట్టి విచ్చుకుని రవ్వని తామే ముందుకు జరుపుతాయి. ఇప్పటి కార్లలో ఆ లెక్క కంప్యూటరుది.

ఇక నాన్నగారి పద్ధతి. ముందు పాయింట్ల ఎడం రేకుతో కొలుస్తారు. ఎందుకంటే వాటి మడమ అరిగితే ఎడం తగ్గి రవ్వ ఆలస్యమవుతుంది. తరవాత ఇంజన్ ముందున్న కప్పీ మీది గీతని గుర్తుకి సరిగ్గా తెచ్చి, కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్ళే తీగ దగ్గర చిన్న బల్బు తగిలించి, డిస్ట్రిబ్యూటర్‌ని వెంట్రుకవాసి తిప్పుతారు. బల్బు వెలిగిన క్షణమే పాయింట్లు విడిన క్షణం. అక్కడ బిగించెయ్యడమే. పూర్వం ఈ బల్బూ గిల్బూ లేకుండా చెవితోనే పెట్టేవారు. వీధి చివర్న వెళ్ళే బండి మాట విని జబ్బు చెప్పేవారు.

నాలుగోసారీ బల్బు సరిగ్గానే వెలిగింది. బండి వణుకుతూనే ఉంది.

"ఆ స్‌స్ మంటోందేమిటి నాన్నగారూ?" అన్నాను. "ఏదీ?" అన్నారు.

నాకు గుండె కలుక్కుమంది. వయసు మీదపడితే ముందుగా పోయేది సన్నటి శబ్దాలేనట. ఆరు నెలలుగా ఆయన వెతుకుతున్న జబ్బు, ఆయనకి వినిపించని శబ్దంలో ఉంది.

టార్చి వేసి వెతికాను. కార్బ్యురేటర్ కిందుగా, ఇంజన్లోకి ఆవిరి వెళ్ళే దారికి తగిలించిన చిన్న రబ్బరు గొట్టం చివర చీలింది. వేళ్ళతో నొక్కి పట్టుకున్నాను. వణుకు ఆగింది! నాన్నగారు చటుక్కున గ్రహించారు. బండి ఆగి ఉన్నప్పుడు లోపలి పీల్పు ఎక్కువట. ఆ చీలికలోంచి దొంగగాలి జొరబడి ఆవిరిని పలచన చేసేస్తోంది. పరుగులో ఉన్నప్పుడు పీల్పు తక్కువ గనక తెలిసేది కాదు.

మూరెడు రబ్బరు గొట్టం కొనుక్కొచ్చాం. పాతది తీసి కొత్తది ఆయనే బిగించారు, నన్ను ముట్టుకోనివ్వలేదు. ఆగిపోకుండా ఇన్నాళ్ళూ బిగిస్తూ వచ్చిన ఐడ్లింగ్ స్క్రూని తిరిగి వదులు చేశారు.

"ఇప్పుడెలా ఉంది?" అన్నారు, నా మొహంలోకి చూస్తూ.

"స్‌స్ లేదు," అన్నాను గట్టిగా.

ఆయన అరచెయ్యి మడ్‌గార్డు మీద ఆనించి కళ్ళు మూసుకుని చాలాసేపు అలాగే నిలబడ్డారు. తరవాత బానెట్టు దించి, "కాఫీ పెట్టు," అన్నారు.