పన్నెండవ సాధనము: చెరువు త్రవ్వినవారును, గుత్త పట్టినవారును



ఓఢ్రదేశమునుండి మన పూర్వులు వచ్చిరను వాదమును గూర్చియు, 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి తోడుగా నిలిచిన వడ్డె ఓబన్న శౌర్యమును గూర్చియు మనవారు తరచుగా వ్రాయుచుందురు. అవి వ్రాయదగినవే. మేము ఈ మారు వేరొక ప్రశ్నను సభవారి యెదుట నుంచదలచితిమి. మన పూర్వులు చెరువులు త్రవ్విరి, బాటలు వేసిరి, రాళ్లు కొట్టిరి. పని వారిదైనప్పుడు గుత్త వారిది యేల కాలేదు? మదనపల్లె, పుంగనూరు, కుప్పము మూడును నేడు పురపాలక సంఘములు గల పట్టణములు. వాని కాలువలును బాటలును ఎవరి పేర గుత్తకు పోవుచున్నవో విచారించువారికి ఈ పాతచరిత్ర ఉపయోగపడునని మా నమ్మకము.

కడప సీమలోని పోరుమామిళ్లయందు శకవర్షము 1291, అనగా క్రీ. శ. 1369 నాటి సంస్కృతశాసన మొకటి కలదు. బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు అచ్చట గొప్ప తటాకమును కట్టించెను. మంచి చెరువునకు పన్నెండు సాధనములును, విడువదగిన ఆరు దోషములును గలవని ఆ శాసనము శాస్త్రరీతిని చెప్పుచున్నది. ధర్మపరుడును, ధనవంతుడును, కీర్తికాముడును అగు రాజు మొదటి సాధనము. జలశాస్త్రము నెరిగిన బ్రాహ్మణుడు రెండవ సాధనము. అటుపిమ్మట గట్టినేల, తీయని నీటి యేరు, కొండలనడుమ దిట్టమైన రాతికట్ట, తిన్నని నిడుపురాళ్లు దొరకు గని మున్నగునవి వచ్చును. నిర్మాణమునందు నేర్పుగల జనసమూహము పన్నెండవ సాధనము.

నేర్పుగల పనివారిని శాస్త్రము సాధనములలో చేర్చుట గౌరవమే. వారు లేనిచో తక్కిన పదునొకండును నిష్ఫలములు. వేయిమంది పనివారును, రాతిపనికి నూరు బండ్లును కూడి రెండేండ్లకు ఆ చెరువు ముగిసెనని శాసనమే చెప్పుచున్నది. ఆ వేయిమంది మనవారే యని నిశ్చయించుటకు అందు ఆధారము లేదు. లేనిదానిని కలదని చెప్పుట చరిత్ర కాదు. కాని కట్టించిన ప్రభువు పేరు అందు కలదు, మంత్రి పేరు కలదు. పార పట్టినవాని పేరు లేదు. మన ప్రశ్నకు మొదలు ఇచ్చట నున్నది.

తరువాతి కాలమున రాయలసీమలో దశబంధమను ఇనాము ప్రసిద్ధమయ్యెను. సొంతద్రవ్యముతో చెరువు కట్టించినవానికిగాని, చెడిన చెరువును బాగుచేయించినవానికిగాని దానిక్రింద భూమియో, పంటలో భాగమో లభించుచుండెను. చెరువును చక్కగా నుంచినంతకాలము ఆ ఫలము వాని సంతతికి చెందెడిది. ఏర్పాటు మంచిదే. దానివలన ఎన్నియో చెరువులు నిలిచినవి. ఐతే ఇనాము ధనము పెట్టినవానికి దక్కెను. కట్టపై తట్ట మోసినవానికి నాటి గింజలు నాటికే చెల్లెను. కొడుకునకు మిగిలినది తండ్రి పార యొక్కటియే.

కుంఫిణీ ప్రభుత్వము పోయి దొరతనమువారి ప్రభుత్వము వచ్చినపిమ్మట పనులు పెరిగినవి. కుప్పము మీదుగా బెంగుళూరునకు పోవు ఇనుపదారి 1864లో తెరవబడెను. దక్షిణదేశపు ఇనుపదారుల మట్టిపనిలో వడ్డెరల చెమట కలిసియున్నది. థర్‌స్టన్ దొర 1909లో ప్రకటించిన కులగ్రంథమున మనవారిని రాతివడ్డెరలనియు, మన్నువడ్డెరలనియు విభజించి, చెరువుకట్టలు వేయుటలోను, బావులు త్రవ్వుటలోను, రాయి తీయుటలోను మనవారికి గల నేర్పును వ్రాసియున్నాడు.

ఆ పని సాగినతీరు పెద్దలకు తెలిసినదే. మగవాడు గడ్డపారతో త్రవ్వును, ఆడుది తట్టతో మోయును, బిడ్డ చెట్టునీడ నుండును. త్రవ్విన గుంటలో నడుమనడుమ మట్టిదిమ్మెలను వదలుదురు. లోతు కొలుచుటకు అవియే సాక్షులు. కొలత కుటుంబమంతటి పనిని చూపును. పద్దు మాత్రము మేస్త్రి పేర నుండును. బయానా యిచ్చినవాడు మేస్త్రి, మేస్త్రికి పైన గుత్తదారు. స్త్రీ పేరు ఏ చిట్టాలోను లేదు. 1876 మొదలు 1878 వరకు వచ్చిన మహాక్షామమున ప్రభుత్వమువారు తెరచిన పనులలో స్త్రీలకు కూలి నిర్ణయించిరి గాని, దానిని పురుషుల కూలికంటె తక్కువగా నుంచిరి.

గుత్త మనవారికేల రాలేదు? గుత్తకు ధరావతు కావలెను, జామీను కావలెను, స్థిరనివాసము కావలెను. ఊరూర గుడిసెలు వేసికొని తిరుగువానికి ఈ మూడును లేవు. దీనిపైన మదరాసు రాజధానిలో 1911 నుండి నేరస్థజాతుల చట్టము అమలుజరిగి, మనలో కొన్ని తెగలును దాని పాలబడినవి. ఠాణాలో హాజరు వేయించుకొనవలసినవానికి జామీను నిలుచువాడెవడు? ఆ చట్టము మదరాసు రాష్ట్రమున 1947లోను, దేశమంతట 1952లోను రద్దయ్యెను. చట్టము పోయినది గాని అది తెచ్చిన పేదరికము చట్టముతో పోలేదు.

ఇట్టి చిక్కు మన దేశమునకే చెందినది కాదు. అమెరికాలోని అట్లాంటా నగరమునకు 1974లో మొదటి నల్లజాతి మేయరైన మేనార్డు జాక్సను, విమానాశ్రయ నిర్మాణపు గుత్తలలో నాలుగవవంతు అల్పసంఖ్యాకుల సంస్థలకు చెందవలెనని పట్టుబట్టి సాధించెను. రిచ్‌మండు నగరమువారు 1983లో నూటికి 30 వంతులు అట్లే నిర్ణయింపగా, 1989లో వారి అత్యున్నత న్యాయస్థానము దానిని కొట్టివేసెను. ఆ నగరపు గుత్తలలో అన్యాయము జరిగినట్లు తగిన ఆధారము చూపలేదని న్యాయమూర్తులు చెప్పిరి. పద్దులో లేని అన్యాయము న్యాయస్థానమున నిలువదని మనము దీనివలన నేర్వవలెను.

మన దేశమున 2012లో కేంద్రప్రభుత్వమువారు తమ శాఖలు కొను సరకులలో నూటికి 20 వంతులు చిన్నసంస్థలనుండి కొనవలెననియు, అందు 4 వంతులు షెడ్యూల్డు కులములు, తెగలవారి సంస్థలనుండి కొనవలెననియు విధించిరి. 2018లో ఆ 20 వంతులు 25 అయ్యెను; స్త్రీల సంస్థలకు 3 వంతులు చేర్చబడెను. 2019 జులైలో ఆంధ్ర శాసనసభ, టెండరు లేక నామినేషనుమీద ఇచ్చు పనులలో సగము వెనుకబడిన తరగతులకును, షెడ్యూల్డు కులములు, తెగలకును, అల్పసంఖ్యాకులకును చెందునట్లును, స్త్రీలకు సగభాగము దక్కునట్లును శాసనములు చేసెను.

కుప్పము వారికి మరియొక విశేషము కండ్లయెదుటనే యున్నది. సరిహద్దు దాటినచో కర్ణాటకమున మన బంధువులు భోవులను పేర షెడ్యూల్డు కులములలో నున్నారు. అచ్చట చిన్నపనుల గుత్తలలో ఆ కులములకు నూటికి 17.15 వంతులు ప్రత్యేకింపబడినవి. 50 లక్షల రూపాయల వరకున్న ఆ పరిమితి 2023లో కోటికి పెంచబడెను. ఇచ్చట మనము 1970 నాటి జాబితానుండి వెనుకబడిన తరగతుల ‘ఎ’ వర్గమున నున్నాము. చుట్టరిక మొక్కటే, పార యొక్కటే; హద్దురాయి వేరుచేసినది.

ఐనను శాసనము వాకిలి తెరచునే గాని చేయిపట్టి లోనికి తీసికొనిపోదు. మేము కన్నదానిని దాచక చెప్పుదుము. భార్య పేర కాగితములు, వేరొకని పెట్టుబడి, ఇంకొకని యంత్రము: ఇట్టి పేరుగుత్తలు అంతటను గలవు. సంతకము పెట్టిన యిల్లాలికి బిల్లు ఎంతయో తెలియదు. లోపము వచ్చిననాడు తాఖీదు మాత్రము ఆమె పేరనే వచ్చును. ఇది పూర్వపు మేస్త్రి పద్దే. చొక్కా మార్చుకొని వచ్చినది. హంద్రీ–నీవా పథకమున పుంగనూరు శాఖాకాలువయు, కుప్పము శాఖాకాలువయు ఈ సీమలోనే సాగినవి. వేయి తట్టల మట్టిని నేడు యంత్రము పూటలో ఎత్తివేయును. యంత్రము లేనివానికి నేర్పు ఒక్కటే చాలదు.

కావున సభవారికి మూడు మనవులు. మొదటిది, మూడు పట్టణములలోను మన యువకులు, స్త్రీలు తమ సొంతపేర గుత్తదారులుగా నమోదు కావలెను. లెక్కలు చదువుట నేర్వవలెను. రెండవది, పోషకుల సాయముతో ధరావతు నిధి యొకటి నెలకొల్పవలెను. బిల్లు వచ్చువరకు కూలి చెల్లించుటకు చేతిలో సొమ్ము లేకయే మనవారు గుత్తలు వదలుకొనుచున్నారు. మూడవది, ఏ చెరువు, ఏ బాట, ఏ వంతెన ఎవరు కట్టిరో, ఎంత కూలి ముట్టెనో పెద్దలనడిగి నేడే వ్రాసి యుంచవలెను. గుంటలోని మట్టిదిమ్మె వానకు కరగును. వ్రాసిన సాక్ష్యము నిలుచును.

ఆరువందల యేండ్లక్రిందట శాస్త్రకారుడు మనబోటివారి నేర్పును పన్నెండవ సాధనమని వ్రాసి, పేరు వ్రాయక విడిచెను. ఆ పేరును వ్రాయుట ఇక మన పని. అది పలకమీద మాత్రమే గాక, ఒప్పందపు కాగితముమీదను, బిల్లుమీదను, భార్య సంతకము భార్యయే చదివి పెట్టునట్లుగా వ్రాయబడుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాము.